గోదావరి ఒడ్డున గొలుసాట: స్మారకమూ, ప్రమాణమూ

వేములవాడ చాళుక్యులలో తొలితరంవాడైన యుద్ధమల్లుడు తన ఏనుగులకు బోధనులో నూనె నింపిన కోనేటిలో స్నానం చేయించాడని ఆ వంశపు ప్రశస్తి చెబుతుంది. ఆ బోధనే ప్రాచీన అశ్మక జనపదానికి రాజధానియైన పోదన నగరమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అశ్మకమనగానే, ఆ దేశంలో గోదావరీతీరాన ఉంఛవృత్తితో జీవించిన బావరి అనే బ్రాహ్మణుడు జ్ఞప్తికి వస్తాడు. ఆయన కథ బౌద్ధుల సుత్తనిపాతంలో ఉంది. బావరి పేరెత్తితే నిర్మల్ ప్రాంతంవారు బాదనకుర్తి లంకను చూపుతారు. అక్కడి నుండి ప్రవాహం వెంట దిగువకు వస్తే పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల. కోటిలింగాలలో శాతవాహన శిముకుని నాణేలు దొరికాయి. శిముకుని పేరు చెక్కి ఉన్న మరొకచోటు మహారాష్ట్రలోని నానేఘాట్ గుహ. ఏనుగుల తైలస్నానంతో మొదలైన మాట పడమటి కనుమల కొండదారి దాకా వెళ్లింది. నడుమ ఎక్కడా తెగినట్లు తోచదు.

ఇది ఒక ఆట. ఒకరు ఒక విశేషం చెబుతారు. తరువాతివారు అందులోని ఒక పేరునో, ఊరునో, సంఖ్యనో పట్టుకొని, దానితో పొత్తులేదనిపించే మరొక విశేషాన్ని ముడివేస్తారు. ఎంత దూరపువాటిని ఎంత చిన్న కొక్కెంతో కలిపితే అంత మెప్పు. పద్యాల అంత్యాక్షరిలో ఈ కొక్కెం ఒక్క అక్షరమే: ముగిసిన పద్యపు చివరి అక్షరంతో కొత్త పద్యం ఎత్తుకోవాలి, భావానికి పొత్తు అక్కరలేదు. అవధానంలోని దత్తపదిలో పని దీనికంటె కఠినం. పృచ్ఛకుడు ఒకదానికొకటి పొసగని నాలుగు పదాలను, పలుమార్లు పరభాషా పదాలనే ఏరి ఇచ్చి, వాటితో భారతార్థంలోనో రామాయణార్థంలోనో పద్యం చెప్పమంటాడు. పదాలకు సహజంగా లేని సంబంధాన్ని అవధాని కల్పించి ఇస్తాడు. అది కల్పితమని సభకంతటికీ తెలుసు. ఆనందమూ అందులోనే ఉంది. చరిత్రలోని విశేషాలతో ఇదే ఆట ఆడినప్పుడు మాత్రం కల్పితమేదో సిద్ధమేదో ఆటగాడికే తెలియకుండా పోతుంది. నేటి పోటీ పరీక్షల పుస్తకాలలో ఉత్తర తెలంగాణ చరిత్ర చాలామేరకు ఇటువంటి గొలుసుగానే అచ్చవుతున్నది. చదివే పిల్లవాడు గొలుసును కంఠస్థం చేస్తాడు. ఏ లంకె ఇనుముదో, ఏది మైనందో అతనికి చెప్పేవారు లేరు.

ఈ పరీక్షకు కావలసిన పనిముట్లు మన న్యాయశాస్త్రంలో ఉన్నాయి. గౌతముని సూత్రాల తృతీయాధ్యాయంలో రెండవ ఆహ్నికం మనస్సును గురించినది. అక్కడొక ప్రశ్న: ఆత్మలో సంస్కారాలన్నీ ఎల్లప్పుడూ ఉండగా స్మృతులన్నీ ఒక్కమారుగా ఎందుకు మేల్కొనవు? స్మృతికి సంస్కారమొక్కటే చాలదు, దానిని లేపే ఉద్బోధకం కావాలి. ఉద్బోధకాలన్నీ ఏకకాలంలో కలగవు కనుక స్మృతులు ఒకదాని వెంట ఒకటిగానే వస్తాయని సమాధానం. అంటే గొలుసుగా సాగటం ఆట కోసం మనం పెట్టుకొన్న నియమం కాదు, స్మృతి స్వభావమే అటువంటిది. ఆ ఉద్బోధకాలు ఏవేవో కూడా సూత్రకారుడు వరుసగా చెప్పాడు: ప్రణిధానం, నిబంధం, అభ్యాసం, లింగం, సాదృశ్యం, ఆశ్రయాశ్రితాలు, ఆనంతర్యం, వియోగం, ఏకకార్యం, విరోధం, భయం, రాగం మొదలుగా ఇరవైకి పైగా. గొలుసాటలో ఎవరు ఏ లంకె వేసినా అది ఈ పట్టికలో ఏదో ఒకదాని కింద పడుతుంది. తార్కికులకు ప్రియమైన ఉదాహరణ ఏనుగు, మావటివాడు: సంబంధులలో ఒకరిని చూస్తే రెండవవారు గుర్తుకు వస్తారు. యుద్ధమల్లుని ఏనుగులతో మొదలుపెట్టటానికి అదీ ఒక కారణమే.

అయితే అదే శాస్త్రం మరొక మాట కూడా చెబుతుంది. యథార్థమైన అనుభవమే ప్రమ. సంస్కారమాత్రం చేత పుట్టిన స్మృతి ప్రమ కాదు. మావటిని చూసి ఏనుగును తలచుకోవటం వేరు, వీధిలో ఏనుగు ఉన్నదని తెలుసుకోవటం వేరు. మొదటిదానికి స్మారకం చాలు. రెండవదానికి ప్రత్యక్షమో, వ్యాప్తిగల హేతువుతో అనుమానమో, ఆప్తవాక్యమో కావాలి. ఈ భేదాన్ని చేతపట్టుకొని పై గొలుసులోని లంకెలను ఒక్కొక్కటిగా లాగి చూడవచ్చు.

బావరి సంగతి. కోసలదేశం నుండి దక్షిణాపథానికి వచ్చి, అశ్మకుల దేశంలో, ములకదేశానికి చేరువగా, గోదావరి ఒడ్డున ఆయన ఆశ్రమం కట్టుకొన్నాడు. ఒకనాడు ఒక బ్రాహ్మణుడు వచ్చి అయిదువందల నాణేలు యాచించాడు. ఇవ్వటానికి లేదన్నందుకు, ఏడవనాటికి తల ఏడు ముక్కలగునని శపించాడు. ఆ భయం నుండి పుట్టిన ప్రశ్నతోనే బావరి తన పదహారుగురు శిష్యులను బుద్ధుని వద్దకు పంపాడు. (భయం కూడా గౌతముని పట్టికలో ఉన్నదని గమనించాలి.) శిష్యుల దారిలో మొదటి మజిలీ ప్రతిష్ఠానం, అనగా నేటి పైఠణ్. గోదావరి రెండుగా చీలి ఏర్పరచిన లంకలో ఆశ్రమం ఉండేదని అట్ఠకథ చేర్చింది. బాదనకుర్తి కూడా అటువంటి లంకయే. పేరు కూడా ‘బా’తోనే మొదలవుతుంది. ఈ రెండు సాదృశ్యాల మీద ‘బావరి ఆశ్రమం బాదనకుర్తి’ అనే వాక్యం నిలిచింది. గోదావరికి లంకలు ఒకటా రెండా? లంకగా ఉండటం అనే హేతువు బాదనకుర్తిలో ఉన్నట్లే ఇతరత్రా కూడా ఉన్నది. విపక్షంలోనూ వర్తించే ఇటువంటి హేతువును తార్కికులు సవ్యభిచారమంటారు. బావరి ఈ ప్రాంతంవాడు కాడని నేననటం లేదు. అశ్మకదేశం గోదావరీమండలంలో ఈ భాగానికి తగిలి ఉన్నదని నమ్మటానికి తగిన ఆధారాలున్నాయి. దేశం దాకా ప్రమాణముంది, ఊరి దాకా లేదు, అంతే.

పోదన నగరం పేరు విని బమ్మెర పోతన్నను తలచుకొనేవారు కూడా లేకపోలేదు. ఆటలో అది మంచి ఎత్తే!

కోటిలింగాల లంకె ఇంతకంటె గట్టిది. 1979 మొదలు అక్కడ పురావస్తుశాఖ తవ్వకాలు జరిపింది. గోబద, నారన, కంవాయ, సమగోప అనే స్థానిక పాలకుల నాణేలు, వాటితోపాటు తొలి శాతవాహనుల నాణేలు ఆ ఊరినుండి వెలువడ్డాయి. పరబ్రహ్మశాస్త్రిగారు మొదలైన విద్వాంసులు వాటిని చదివి లోకానికి చెప్పారు. ఇక్కడ సాదృశ్యంతో పనిలేదు. శాతవాహనులకు ముందే ఈ తీరంలో నాణేలు ముద్రించే అధికారం గలవారు ఉన్నారని, వారి స్థానంలోకి శాతవాహనులు వచ్చారని ఆనంతర్యమే చెబుతున్నది. ఇంతవరకు అనుమానం నిర్దుష్టం. నాణెం మీది చిముకుడు నానేఘాట్‌లోని శిముకుడేనా అన్న విషయమై పండితులలో చర్చ ఉంది. అతడే అనుకొన్నా, నాణేలు దొరికినచోటే తొలి రాజధాని అనటానికి మరొక మెట్టు ఎక్కాలి. నాణెం కాళ్లున్న సాక్షి, చేతులు మారుతూ నడుస్తుంది. పైఠణ్‌వారు ఒకవైపు, కోటిలింగాలవారు మరొకవైపు లాగే ఈ తాడులో చిక్కుకొని, అసలు విశేషం మరుగున పడుతున్నది. శాతవాహనులకంటె ముందున్న గోబదాదులే కోటిలింగాల మనకిచ్చిన కొత్త జ్ఞానం. వారిని ఎవరూ తలచరు. ఏ ప్రఖ్యాతుని పేరుతోనూ ముడిపడనివారు గొలుసాటకు పనికిరారు మరి.

అన్నింటికంటె చిక్కైన ముడి వేములవాడలో ఉంది. వేములవాడ భీమకవి తెలుగువారి కథలలో శాపానుగ్రహ సమర్థుడు. శ్రీనాథుడు తన పూర్వకవులలో ఆయన్ను తలచాడు. ఆయన ఏ వేములవాడవాడు? రాజరాజేశ్వరుడు వెలసిన కరీంనగర్ సీమలోనిదా, దాక్షారామానికి చేరువలో ఉన్న తూర్పుగోదావరి వేములవాడా? భీమకవి దాక్షారామ భీమేశ్వరుని వరప్రసాది అని కథ. కరీంనగర్ పక్షం వారు వెంటనే అంటారు: మా వేములవాడలోనూ భీమేశ్వరాలయం ఉన్నది కదా! ఉన్నది, నిజమే. కాని ఆ ఆలయం తొలుత బద్దెగేశ్వరం. వేములవాడ చాళుక్యుడైన బద్దెగుడు కట్టించినందున ఆ పేరు. భీమేశ్వరమన్న వాడుక తరువాతిది. అంటే రెండు పక్షాలకూ సమానమనిపించే సాక్ష్యంలో ఒకటి కాలక్రమంలో వెనుకకు జారిపోతుంది. భీమకవి కాలంనాటికి ఆ గుడిని ఏమని పిలిచేవారో తేలితే తప్ప దానిని హేతువుగా ప్రయోగించటానికి వీలులేదు. భీమకవి కాలమే వివాదాస్పదం. కాలం తెలియని కవిని, పేరు మారిన గుడితో నిర్ణయించటం అసిద్ధహేతువుతో సాధ్యాన్ని సాధించబోవటమే.

ఇక్కడే మరొక ఆకర్షణ పొంచి ఉంది. ఈ బద్దెగుడు వేంగీ చాళుక్యరాజైన భీముని యుద్ధంలో బంధించినవాడు. పట్టినవాని పేరుమీద ఉన్న గుడికి పట్టుబడినవాని పేరు వచ్చిందన్నమాట! ఆటలో ఇంతకంటె అందమైన లంకె దొరకదు. విన్నవారు ఔరా అంటారు. అయినా ఆ రాజు భీముడికీ ఈ దేవుడు భీమేశ్వరునికీ నామసామ్యం తప్ప వేరు సంబంధమున్నదనటానికి సాక్ష్యమేదీ లేదు. భీమేశ్వరుడు శివుని పేరే, దేశమంతటా ఉన్న పేరే. తాటిచెట్టు మీద కాకి వాలటం, పండు రాలటం ఒకే క్షణంలో జరిగితే చూసేవాని మనస్సు ఊరకుండలేదు. కాకతాళీయ న్యాయం దోషాన్ని కాకి మీదగాని పండు మీదగాని పెట్టలేదు.

దాక్షారామం పేరు వచ్చింది కనుక గొలుసు సహజంగానే కాళేశ్వరానికి మళ్లుతుంది. కాళేశ్వరం, శ్రీశైలం, దాక్షారామం అనే మూడు లింగాల నడుమ దేశం త్రిలింగమని, దానినుండి తెలింగ, తెలుగు అన్న పేర్లు వచ్చాయని వ్యుత్పత్తి. పదునాల్గవ శతాబ్ది తొలినాళ్లలో, కాకతీయ ప్రతాపరుద్రుని ఆశ్రయంలో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం నాటికే ఇది ప్రతిష్ఠ పొందింది. భాషాశాస్త్రజ్ఞులలో పలువురు దీనిని తలక్రిందుల వ్యుత్పత్తి అంటారు: దేశీయమైన పేరు ముందున్నది, దానికి సంస్కృతాకారం తరువాత కలిగింది అని. నాకూ అదే యుక్తమని తోస్తుంది. కాని ఈ లంకెను భీమకవి లంకెతో సమానంగా చూడటం తగదు. ప్రాణహిత గోదావరిలో కలిసేచోట ఒకే పానవట్టంపై యముడూ శివుడూ రెండు లింగాలుగా ఉన్న క్షేత్రాన్ని, కృష్ణాతీరపు శ్రీశైలంతోను, సముద్రానికి సమీపాన ఉన్న దాక్షారామంతోను కలిపి ఒక దేశపు ఎల్లలుగా భావించటం ఒక రాజ్యపు సంకల్పం. పదోత్పత్తిగా అది అసిద్ధమైనా, కాకతీయులకాలంలో తెలుగుదేశాన్ని ఒక్కటిగా ఊహించుకొన్నారనటానికి అది సిద్ధమైన సాక్ష్యం. తప్పు లంకె కూడా, దానిని ఎవరు ఎప్పుడు ఎందుకు వేశారో తెలిస్తే, చరిత్రకు ప్రమాణమవుతుంది.

మరి ఈ ప్రాంతంలో ఏ లంకెయూ నిలవదా? నిలిచేది ఒకటి బండమీదే చెక్కి ఉన్నది. గంగాధర మండలంలో కురిక్యాల సమీపాన బొమ్మలగుట్ట. అక్కడ చక్రేశ్వరి, జినుల మూర్తుల క్రింద పదవ శతాబ్ది మధ్యకాలపు శాసనం సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలో ఉన్నది. అందులో మూడు తెలుగు కందపద్యాలు. నన్నయకు దాదాపు నూరేళ్ల ముందటివి. వేయించినవాడు జినవల్లభుడు. ఇతడెవరు? కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. తండ్రి భీమపయ్య, వేంగినాడులోని వంగిపర్రు నుండి వచ్చిన కుటుంబం. ఇవన్నీ ఆ శాసనమే చెబుతున్నది. వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరిని అర్జునునితో అభేదంగా వర్ణిస్తూ పంపడు విక్రమార్జునవిజయం రచించాడు. అందుకు రాజు తనకు ధర్మవురమనే అగ్రహారం ఇచ్చాడని ఆ కావ్యంలోనే చెప్పుకొన్నాడు.

కన్నడ ఆదికవి కుటుంబం తెలుగునాటిదని, అతని తమ్ముడు కరీంనగర్ గుట్టమీద తెలుగు కందాలు చెక్కించాడని చెబితే అది గొలుసాటలోని మాటలాగే వినబడుతుంది. వినడానికి విడ్డూరమైన ఈ లంకె ఎందుకు నిలిచింది? గౌతముని పట్టికలో ‘నిబంధం’ అన్నది గుర్తు చేసుకోవాలి. ఒకే గ్రంథంలో కూర్చబడి ఉండటం నిబంధమని వాత్స్యాయన భాష్యం. అన్న, తమ్ముడు, తండ్రి, ఊరు, మూడు భాషలు, జినధర్మం, వీటిని కలిపింది మన స్మృతి కాదు, ఆ బండ. కూర్చినవాడు ఆ కాలంవాడు, ఆ ఇంటివాడు, అనగా ఆప్తుడు. పక్కనే మరొక సాక్ష్యం: సోమదేవసూరి తన యశస్తిలకచంపువును శకవర్షం 881లో, అనగా క్రీ.శ. 959లో, అరికేసరి కుమారుని పాలనలో గంగాధరలో ముగించినట్లు గ్రంథాంతంలో చెప్పాడు. ఏడేళ్లకు, 966లో, మూడవ అరికేసరి అదే సోమదేవునికి లెంబుళపాటకంలోని శుభధామ జినాలయం కోసం గ్రామదానం చేశాడు. ఆ తామ్రశాసనం మహారాష్ట్రలోని పర్భణీలో బయటపడింది. లెంబుళపాటకమే వేములవాడ. గుట్టమీది రాత, గ్రంథాంతవాక్యం, దూరాన దొరికిన రాగిరేకు ఒకదాని నొకటి ఎరుగకుండానే ఒకే ఊరినీ ఒకే వంశాన్నీ చూపుతున్నాయి. ప్రమాణసంప్లవమని నైయాయికులు చెప్పేదానికి దగ్గరి దృష్టాంతం ఇది.

ధర్మవురమే నేటి ధర్మపురి అని వాడుక. నామసామ్యంతోపాటు రాజధానికి సామీప్యం కూడా ఉన్నందున ఆ గుర్తింపు బాదనకుర్తికంటె మెరుగు, బొమ్మలగుట్టకంటె తక్కువ. ఇటువంటి తరతమాలు చెప్పటానికి పరీక్షపత్రంలో గడి ఉండదు.

కార్యకారణమని భ్రమ కలిగించే సామీప్యానికి ఆధునిక దృష్టాంతం చెప్పి ముందుకు పోతాను. విశ్వనాథ సత్యనారాయణగారు 1959లో కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. ఆయన వేయిపడగలను హిందీలోకి సహస్రఫణ్ పేరుతో తెచ్చిన పి.వి. నరసింహారావుగారిది ఆనాటి కరీంనగర్ జిల్లా వంగర. రెండూ సత్యాలే. ‘కనుక’ అన్న మాటను నడుమ చేర్చగానే ఆట మొదలవుతుంది. ఘటం పుట్టకముందు కుమ్మరివాని గాడిద మన్ను మోసి ఉండవచ్చు. అంతమాత్రాన గాడిద ఘటానికి కారణం కాదు, అన్యథాసిద్ధమని కారికావళి చెబుతుంది. గాడిద అబద్ధమని ఆ శాస్త్రం అనదు. అది అక్కడే ఉన్నది. కారణాల లెక్కలో మాత్రం చేరదు.

దీనికి సరిగ్గా ఎదురైనది ఆదిలాబాదులో ఉన్నది. చూడగానే గాడిదలా కనబడి, తీరా విచారిస్తే దండచక్రాదులవలె నిజమైన కారణంగా తేలిన గొలుసు అది. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకొన్నది. అందువల్ల వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్ ఉన్నది. 1939లో యుద్ధం వచ్చేసరికి ఆయన భారతదేశంలో ఉన్నాడు. శత్రుదేశ పౌరుడైనందున హైదరాబాదు సంస్థానం దాటి వెళ్లరాదన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నిజాం పోలీసుల తుపాకులకు బలియైనాడు. గోండుల తిరుగుబాటుకు కారణమేమిటో విచారించవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. మానవశాస్త్రం చదివి, ఎక్కడికీ పోలేక, సంస్థానంలోనే ఉన్నవాడు ఈయన. భూమి పట్టాలు లేకపోవటమే మూలవ్యాధి అని ఆయన రాశాడు; 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రం ఏర్పడింది, గోండీభాషలో వాచకాలు వచ్చాయి.

ఈ లంకెలలో ఏ ఒక్కటి తీసివేసినా తరువాతిది నిలవదు. పాస్‌పోర్ట్ మరొకటైతే నిర్బంధం లేదు. భీము నేలకొరగకపోతే విచారణ లేదు. అన్వయమూ వ్యతిరేకమూ రెండూ కుదురుతున్నవి. వియన్నాకూ మార్లవాయికీ సాదృశ్యమేమీ లేదు, పేరులో ఒక్క అక్షరమైనా కలవదు. అందుకే ఈ గొలుసు ఆటలో ఎవరికీ తట్టదు.

గోండుల చరిత్రను వారి ప్రధానులు కింగ్రీ వాయిస్తూ గానం చేస్తారు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల వారిగా విభక్తమైన సగలు, ప్రతి సగలోని గోత్రాలు, ప్రతి గోత్రపు పెర్సపేన్, అతడు నడిచివచ్చిన దారి, దాటిన ఏరు, ఇదంతా ఆ గానంలోని వరుస. దూరం నుండి వినేవారికి పొత్తులేని పేర్ల గొలుసనిపించవచ్చు. ఎవరికి ఎవరితో పెండ్లి కుదురుతుందో, ఎవరి కర్మకు ఎవరు వంతు నిలవాలో ఆ వరుసను బట్టే తేలుతుంది. ఒక లంకె తప్పు పాడితే ఒక వివాహం తప్పుతుంది. తర్కగ్రంథాలలో సంగతులు ఆరు. వాటిలో ప్రసంగ సంగతికి లక్షణం, స్మృతికి వచ్చి ఉపేక్షింపరానిదై ఉండటం. స్మృతికి రావటం గొలుసాటలోనూ ఉన్నది. ఉపేక్షింపరానిదై ఉండటమన్న రెండవ భాగం ప్రధానుని పాటలో ఉన్నది.

హైమన్‌డార్ఫ్ భార్య ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో మరణించింది. ఆమె సమాధి మార్లవాయిలో ఉన్నది. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వారి ఆచారం ప్రకారం పూజ చేస్తారు.